ఒటీలియా ఇంటి ఉత్తరపు గోడ

వెండెలిన్ వేసిన అతుకులో కాగితం కూడా దూరదని మా లోయలో అందరూ అంటారు. నిజమే, దూరదు. పనీపాటా లేని వాళ్ళు కొందరు దూర్చి మరీ చూశారు. గుడి గోపురం తప్ప తక్కిన ఊరంతా కొయ్యతోనే కట్టుకున్న చోట, ఇంటికొక మనిషి రంపం పట్టగలిగిన చోట, మంచి వడ్రంగి అనిపించుకోవడం మాటలు కాదు. వెండెలిన్ అనిపించుకున్నాడు. అరవై ఒక్క ఏళ్ళ మనిషి. చెవి మీద పెన్సిలు, దాని ముల్లు సూదిలా ఉండాలి. మొద్దుబారిన పెన్సిలుతో గీత గీసేవాడు అబద్ధాలాడే మనిషని అతని లెక్క.

మార్లెన్ అనే అమ్మాయి అతని దగ్గరే పని నేర్చుకుంది. "గీత మీద కొయ్యకు. గీతలో సగం కొయ్యకి ఉండాలి, సగం రంపానికి పోవాలి" అని రెండేళ్ళు నూరిపోశాడు. వెంట్రుకవాసి తేడా వస్తే తిట్టేవాడు కాదు. ఆ ముక్కను తీసుకెళ్ళి పొయ్యిలో పెట్టేవాడు, అంతే. తిట్టినా బాగుండేదని ఆ పిల్ల ఏడ్చేది. ఏడుస్తూనే నేర్చుకుంది, ఇప్పుడు వంతెన దగ్గర సొంత పనిశాల పెట్టుకుంది. ఆ ఘనత కూడా వెండెలిన్ తన ఖాతాలోనే వేసుకున్నాడు.

భార్య బ్రిగిట్టా పోయి రెండేళ్ళయింది. ఆమె మంచం పట్టిన చలికాలమంతా, కొండవాలులో పై ఇంటి ఒటీలియా రోజూ మధ్యాహ్నం వచ్చి పక్కన కూర్చునేది. ఒటీలియా ముప్పై ఏళ్ళు ఈ కొండలన్నీ ఎక్కి దిగి ఉత్తరాలు పంచిన మనిషి. ఊరికి ఆమె ఇంకా పోస్టమ్మే. డెబ్భై నాలుగేళ్ళు. "నువ్వు పనికి పోరా, ఇక్కడ కూర్చుంటే నీకు పిచ్చెక్కుతుంది" అని అతన్ని ఇంట్లోంచి తరిమేది. మంచి మాట చెప్పడం వెండెలిన్‌కి చేతకాదు. సమాధి దగ్గర, అందరూ వెళ్ళిపోయాక, ఆమెతో ఒక్కటే అన్నాడు.

"ఒటీలియక్కా, నీ ఉత్తరపు గోడ నేను చేసిపెడతాను."

ఆమె పడకగది ఉత్తరం వైపు. ఆ పాత గోడ పలకల సందుల్లోంచి కొండగాలి ఇంట్లో మనిషిలా తిరిగేది. ఆమె నలభై ఏళ్ళుగా రెండు దుప్పట్లతో, ఊలు టోపీతో అక్కడే పడుకునేది.

సెప్టెంబరులో పని మొదలుపెట్టాడు. లోపలి పాత తాపడాన్ని, దాని వెనక కూరిన గడ్డితో గుడ్డపీలికలతో సహా ఊడదీశాడు. నిలువు కొయ్యలు బిగించాడు, పదకొండు గడులు వచ్చాయి. పాత ఇల్లు కదా, ఒక్క గడీ ఇంకో గడిలా లేదు. ఆ గడుల్లో నింపడానికి మార్లెన్ తన బండిలో కొయ్యపీచు పలకలు తెచ్చింది. గోధుమరంగువి, జానెడు మందం, నొక్కితే లోపలికి పోయి వదిలితే మళ్ళీ పైకొస్తాయి. ఇళ్ళకి చలి ఆగాలంటే ఇప్పుడు అందరూ ఇవే పెడుతున్నారు. వెండెలిన్ మాత్రం అప్పటిదాకా ముట్టుకోలేదు.

"మేస్త్రీ, గడి కొలతకి ఒక సెంటీమీటరు కలిపి కొయ్యండి" అంది మార్లెన్ పలకలు దించుతూ.

"ఏం, నీ టేపు కురచైందా?"

"అది కాదు. దీనికి మేకు లేదు, జిగురు లేదు. రెండు కొయ్యల మధ్య ఒత్తుకుని కూర్చోవాలి. దాని పొగరుతోనే అది నిలబడాలి."

"పొగరు గురించి నాకు నువ్వు చెబుతున్నావా!"

"అందుకే మీకు తొందరగా అర్థమవుతుందనుకున్నా" అని నవ్వింది. మళ్ళీ నవ్వాపి, "ఇది కొయ్య కాదు మేస్త్రీ, పీచు. కొలతకి సరిగ్గా కోస్తే జారుతుంది" అంది.

"కొయ్యలోంచి వచ్చిందేగా. చూడవే పిల్లా, సెంటీమీటరు ఎక్కువ కొయ్యడానికి వడ్రంగి ఎందుకు? రొట్టెలు చేసేవాడు చాలు."

ఆమె మిగతా పలకలు దించింది. గురువుతో రెండోసారి వాదించకూడదని నేర్పింది కూడా అతనే.

వెండెలిన్ ప్రతి గడినీ పైన, నడుమ, కింద మూడుచోట్ల కొలిచాడు. వంకర ఉన్నచోట పలకను అదే వంకరతో కోశాడు. గీతలో సగం. పలక గడిలోకి చప్పుడు లేకుండా, సొరుగు మూసుకున్నట్టు వెళ్ళింది. అతనికి ఎంత సంతోషమేసిందంటే, ఒటీలియాని వంటింట్లోంచి పిలిచి మరీ చూపించాడు. "బాగుందిరా, అల్మరాలా ఉంది" అందామె. కిటికీ పక్క గడిలో పలక ఒక్కటి మాత్రం నిలవలేదు. కునికిపాట్లు పడే మనిషిలా ముందుకు వాలింది. వెండెలిన్ సన్నటి పుల్ల ఒకటి చెక్కి పక్కన దోపి దాన్ని నిలబెట్టాడు. అక్కడ ఆగి ఆలోచించాల్సింది. ఆలోచించలేదు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే మనిషి నాలుగో కాలు కళ్ళముందు కనపడినా లెక్కపెట్టడు. పలకల మీద గాలి చొరని కాగితం పరిచి, అంచులకి పట్టీ అంటించి, పైన ఫర్ అనే కొండచెట్టు చెక్కతో తాపడం వేశాడు. ఆ తాపడం చూడాలి మీరు! గోడంతా ఒకే చెట్టులోంచి చెక్కినట్టుంటుంది.

ఇంటి పని ముగిస్తే రొట్టె, ఉప్పు పట్టుకుని ఇరుగుపొరుగు చూడ్డానికి రావడం మా దగ్గర ఆనవాయితీ. నవంబరులో సెయింట్ మార్టిన్ పండుగ వెళ్ళిన ఆదివారం వచ్చారు. ఒటీలియా తెల్లవారకముందే పొయ్యి రాజేసింది. జున్ను వేసిన పిండిముద్దలు పెద్ద మూకుడు నిండా చేసింది, పైన వేయించిన ఉల్లిపాయలు. జున్ను కేంద్రం నడిపే కాస్పర్, వెండెలిన్‌తో బడిలో ఒకే బల్ల మీద కూర్చున్నవాడు, జేబులోంచి రసీదు కాగితం తీసి తాపడం అతుకులో దూర్చబోయాడు. దూరలేదు. అందరూ చప్పట్లు కొట్టారు. కాస్పర్ భార్య ఆ గోడకి వీపానించి బెంచీ మీద కూర్చుని మధ్యాహ్నమంతా పిండిముద్దలు తిన్నది. వెండెలిన్ ఎప్పుడూ లేనిది రెండు గ్లాసులు ఎక్కువ తాగాడు.

జనవరి నడుమలో ఒటీలియా తలుపు కీలు కిర్రుమంటోందని నూనె వెయ్యడానికి వెళ్ళాడు. వంటింట్లో పొయ్యి పక్కన మంచం కనపడింది. రెండు దుప్పట్లు, ఊలు టోపీ.

"ఇదేమిటక్కా?"

"మోకాలు. రాత్రి కాఫీకి లేవాలంటే ఇక్కడైతే దగ్గర" అంది ఆమె, అతని మొహం చూడకుండా గిన్నె తోముతూ.

రాత్రిపూట కాఫీ తాగే అలవాటు ఆమెకి ఏనాడూ లేదు. వెండెలిన్ పడకగదిలోకి వెళ్ళాడు. తన తాపడం మీద అరచెయ్యి పెట్టి పైకి జరుపుకుంటూ పోయాడు. కప్పు దగ్గరికి వచ్చేసరికి చెయ్యి చప్పున చల్లబడింది. బావిరాయి ముట్టుకున్నట్టు ఉంది. ఒక చెక్క మరలు విప్పాడు, కాగితం అంచు ఎత్తి చూశాడు. పలక తన బరువుకి తానే కుంగి కిందికి జారింది. పైన మూడువేళ్ళ సందు. పక్కన కొయ్యకీ పలకకీ నడుమ చీలిక, ఆ చీలికలో కాగితం కాదు, కాస్పర్ రసీదు పుస్తకం మొత్తం దూరుతుంది. చేత్తో ముట్టుకుంటే లోపల కొయ్య చెమ్మగా తగిలింది. తాను పీకి పారేసిన పాత గడ్డి ఆపినంత చలి కూడా ఇది ఆపడం లేదు.

తల కొట్టేసినట్టయింది అతనికి. నలభై అయిదేళ్ళ పని ఆ మూడువేళ్ళ సందులోంచి తనవైపు చూసినట్టనిపించింది. అప్పుడైనా వంటింట్లోకి వెళ్ళి ఒక్కమాట చెప్పి ఉంటే నేనీ కథ చెప్పే పనే లేదు. అతను కాగితం యథాప్రకారం అంటించాడు. మరలు బిగించాడు. వేలిముద్రలు పడ్డచోట చేతిగుడ్డతో తుడిచాడు కూడా.

"ఏమైనా ఉందా?" అంది ఒటీలియా.

"ఏం లేదు. అంతా బాగానే ఉంది."

"నాకూ అదే అనిపించింది. గది వెచ్చగానే ఉంటుంది" అంది ఆమె.

దానమిచ్చిన ఆవుకి పళ్ళు లెక్కపెట్టే మనిషి కాదామె. ఆ సంగతి అతనికి తెలుసు. తెలిసే ఆ మాట చాటున దాక్కున్నాడు. వేసవి రానీ, కరెంటు తీగ మార్చాలని ఏదో వంక పెట్టి విప్పి, ఎవరికీ తెలియకుండా సరిచేద్దామని దారిలో లెక్క వేసుకున్నాడు. 

మా దగ్గర ఫిబ్రవరి రెండున కొవ్వొత్తుల పండుగ. ఆనాటికి దొడ్డిలో గడ్డి సగం, గోడవార కట్టెలు సగం మిగలాలని పెద్దల మాట. అందుకని పండుగనాడు గుడికి పోతూ వస్తూ అందరూ అందరి కట్టెలూ చూస్తారు. ఎవరి ఇంటి గుట్టైనా ఆ కట్టెల వరసే చెబుతుంది. పోస్టమ్మ కట్టెలు ఈస్టరు పండుగ దాటినా మిగిలేవి. అంత పొదుపు మనిషి ఊళ్ళో ఇంకొకరు లేరు. ఆ యేడు ఆమె దక్షిణపు గోడవార ఒక్క వరస కూడా లేదు. గోడ బోసిగా కనపడుతోంది.

ఆదివారం పూజ అయ్యాక మగవాళ్ళు సత్రంలో మూలబల్ల దగ్గర చేరతారు. భోజనం వేళదాకా ఒక గ్లాసు, నాలుగు కబుర్లు. బ్రిగిట్టా పోయాక వెండెలిన్ వారం మొత్తంలో నోరు విప్పేది అక్కడే.

"చూశారా, పోస్టమ్మ గోడ బోసిపోయింది. పండక్కే కట్టెలన్నీ ఊదేసింది" అన్నాడు కాస్పర్.

"ఇక కుర్చీలు కాలుస్తుందేమో" అన్నాడు ఇంకొకడు.

"ఉత్తరాలు పంచేప్పుడు మన ఇళ్ళల్లో వెచ్చబడేది. ఇప్పుడు తన ఇంట్లోనే వెచ్చబడాలి కదా మరి."

నవ్వారు. వెండెలిన్ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు. చెవులు కాలిపోతున్నాయి. మరుసటి ఆదివారం, ఆ ముచ్చట అయిపోయాక వెళదామని కావాలనే ఆలస్యంగా వెళ్ళాడు. అతను కూర్చున్నాకే కట్టెల మాట ఎత్తారు. నా ఖర్మ అనుకున్నాడు. మూడో ఆదివారం కాస్పర్ తిన్నగా అతనివైపే తిరిగాడు.

"ఏరా, కొత్త గోడ కట్టినవాడివి నువ్వేగా. నువ్వు చెప్పు. అన్ని కట్టెలు ఎందుకు పట్టాయంటావ్?"

బల్ల దగ్గర అందరి కళ్ళూ అతని మీదే. 'తప్పు నాది.' రెండంటే రెండు మాటలు. వెండెలిన్ నోరు తెరిచాడు.

"ముసలి ఎముకలు రా. వాటికి ఎంత వేడైనా చాలదు" అన్నాడు.

ఒక్కరూ నవ్వలేదు. కాస్పర్ అతన్ని కాసేపు చూసి, పాల వెన్న శాతం గురించి పక్కవాడితో మాట్లాడ్డం మొదలుపెట్టాడు. నమ్మారనుకున్నాడు వెండెలిన్. గ్లాసు సగం వదిలేసి లేచి వచ్చేశాడు. దారిలో ఒటీలియా ఇంటి పొగగొట్టం వైపు తలెత్తలేకపోయాడు. తన భార్య మూతికి నీళ్ళు పట్టిన చేతుల్ని తాను ఊళ్ళో నలుగురి ముందు నవ్వులపాలు చేశాడు. అదీ ఒక చెక్కముక్క పరువు కోసం. ఆ రోజు అద్దంలో మొహం చూసుకుని గడ్డం గీసుకోవడం కూడా అతనికి కష్టమైంది.

బుధవారం మధ్యాహ్నం మంచులో ఒటీలియా కనపడింది. మంచు మీద జారే చెక్క స్లెడ్జి బండి మీద కట్టెలు వేసుకుని, తాడు భుజానికి తగిలించుకుని కొండదారిలో లాక్కొస్తోంది. కాస్పర్ కొట్టంలోంచి అరువు తెచ్చుకున్నవి. జన్మలో ఎవరినీ పుల్ల అడగని మనిషి. దారి పొడవునా కిటికీ తెరలు కదులుతున్నాయి. వెండెలిన్ పరుగున వెళ్ళి తాడు పట్టుకున్నాడు.

"వదులు. నువ్వు లాగితే పక్కకి పోతుంది" అంది.

"అక్కా, గోడ తప్పు. నాది తప్పు."

"తెలుసు. మెల్లిగా మాట్లాడు, వీధి ఇది."

అతను తాడు వదల్లేదు.

"తెలుసా? ఎప్పట్నించి?"

"దాని పక్కన పడుకునేది నేనారా, నువ్వా?" అంది. తర్వాత గొంతు తగ్గించి, "ఆదివారం చెయ్యి. అందరూ పూజలో ఉంటారు, చప్పుడు వినపడదు. పాత పలకలు షెడ్డులో పడేసి దుప్పటి కప్పుదాం. ఎవరికీ తెలియక్కర్లేదు" అంది.

చలికి వణికింది ఆమె, ఊళ్ళో మాట పడింది ఆమె, ఇప్పుడతని పరువు కప్పడానికి దుప్పటి కూడా ఆమెదే. వెండెలిన్‌కి మంచులో కూరుకుపోవాలనిపించింది. అయినా "సరే" అన్నాడు. సిగ్గు మనిషిని మంచివాడిగా మార్చేస్తుందని ఎవరంటారో గానీ, చాలాసార్లు ముందు నేర్పేది దాక్కోవడమే.

మార్లెన్‌కి ఫోను చేశాడు. ఆ నంబరు నొక్కడానికి అతనికి గంట పట్టింది.

"జారిపోయాయి" అన్నాడు.

"ఎన్ని గడులు మేస్త్రీ?" అంది అంతే.

"పదకొండు."

"ఆదివారం పొద్దున్నే తెస్తాను."

ఆదివారం గుడి గంట మోగి వీధి ఖాళీ అయ్యాక మార్లెన్, అతనూ మొదలుపెట్టారు. తాపడం విప్పారు, కాగితం తీశారు. మొదటి రెండు పలకలూ వెండెలిన్ షెడ్డులోకి మోసుకెళ్ళి, ఒటీలియా ఇచ్చిన దుప్పటి కప్పాడు. మూడోదాన్ని ఎత్తుకుని పెరట్లోకి వచ్చేసరికి గుళ్ళో పాట వినపడింది. పలక తేలిగ్గా ఉంది, కింది అంచు చెమ్మకి నల్లబడి ఉంది. దాన్ని చంకలో పెట్టుకుని, దొంగలా అటూ ఇటూ చూశాడు. అలా చూసినందుకే తన మీద తనకి రోత పుట్టింది. షెడ్డు వైపు వెళ్ళలేదు. వీధి కంచె దగ్గరికి వెళ్ళి పలకని దారిలోకి కనపడేలా నిలబెట్టాడు. షెడ్డులోవి కూడా తెచ్చి పక్కన పెట్టాడు. ఒక్కొక్కటే పదకొండూ.

"ఏం చేస్తున్నావురా!" అని ఒటీలియా కిటికీలోంచి కేకేసింది. అతను వాటి పక్కనే నిలబడ్డాడు.

పూజ ముగిసి నల్లకోట్లు వేసుకుని మగవాళ్ళు సత్రం వైపు దిగివస్తున్నారు. కంచె దగ్గర ఆగారు. వెండెలిన్ టోపీ తీశాడు.

"కాస్పర్, ఇవి నేను కోసినవి. తక్కువ కోశాను. మార్లెన్ చెప్పింది, నేను వినలేదు. పైన మూడువేళ్ళు దిగిపోయాయి. జనవరిలోనే చూశాను, చూసి మళ్ళీ మూసేశాను. పోస్టమ్మ కట్టెలన్నీ నా గోడలోంచి బయటికి పోయాయి. ఎముకలని అన్నాను కదా మొన్న. అబద్ధం చెప్పాను."

నవ్వుతారని కాచుకున్నాడు. నవ్వితే తేలిగ్గా ఉండేది. కాస్పర్ బూటుతో మంచుని కెలుకుతూ ఉండిపోయాడు.

"తెలుసురా" అన్నాడు చివరికి.

"ఏం తెలుసు?"

"మార్టిన్ పండగప్పుడు మా ఆవిడ ఆ గోడకి వీపానించి కూర్చుందా, ఇంటికొచ్చి నాలుగు రోజులు నడుం పట్టేసి మంచం దిగలేదు. అప్పుడే తెలుసు మా అందరికీ."

"మరి నాకు చెప్పలేదే?"

"పోస్టమ్మ మా దగ్గర మాట తీసుకుంది. గోడ ఊసెత్తితే ఇంటి గడప తొక్కనివ్వనంది. కట్టెల ఊసెత్తొద్దని అనలేదు కదా. అందుకని అవి ఎత్తాం. మూడు ఆదివారాలు ఎత్తాంరా నీ ముందు, నువ్వు అందుకుంటావేమో అని." కాస్పర్ అతని కళ్ళలోకి చూడలేక పలకల వైపు చూశాడు. "మూడోసారి నువ్వన్నది విన్నాక మాకే తలెత్తుకోవాలనిపించలేదు."

వెండెలిన్ చేతిలో టోపీ నలిగిపోతోంది. ఇన్నాళ్ళూ తాను ఏదో దాచానని అనుకున్నాడు. ఊరంతా వరసగా కూర్చుని అతను దాచుకోవడమే చూసింది. అంతమంది ముందు అంతకాలం బట్టల్లేకుండా తిరిగినట్టయింది.

కాస్పర్ కోటు విప్పి కంచెకి తగిలించాడు. "రంపం ఎక్కడుంది? కొత్త పలకలు మేం కోస్తాం, నువ్వు లోపల కొలతలు చెప్పు." మార్లెన్ అప్పటికే పెరట్లో బల్ల వేసింది. "మేస్త్రీ చెప్పిన అంకెకి సెంటీమీటరు కలిపి కొయ్యాలి" అంది వాళ్ళతో.

పడకగదిలో గోడ అస్థిపంజరంలా నిలబడి ఉంది. ఒటీలియా కాఫీ కప్పు పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. వెండెలిన్ మొదటి గడికి అడ్డంగా టేపు పట్టుకుని, వెనక్కి తిరక్కుండానే అడిగాడు.

"వాళ్ళకి తెలుసని నీకు తెలుసా అక్కా?"

"తెలుసు."

"మరి ఊరి నోట ఎందుకు పడ్డావ్? తప్పు వాడి గోడదే అని ఒక్కమాట అంటే పోయేది."

"అంటే నువ్వా బల్ల దగ్గరికి వెళ్ళడం మానేసేవాడివి" అంది ఆమె. "వారానికి ఆ ఒక్క గంటే కదరా నువ్వు మనుషుల్లో ఉండేది. అది కూడా పోతే నీకు ఇంకెవరున్నారు? కట్టెలదేముంది."

అతను టేపుని కొయ్యకి ఇంకాస్త గట్టిగా నొక్కిపట్టాడు.

"ముసలి ఎముకలు అన్నాను నేను. నిన్ను."

"విన్నాను. కాస్పర్ పెళ్ళాం ఆ సాయంత్రమే వచ్చి చెప్పింది."

"కొలత చెప్పరా, ఎంతసేపు!" అని పెరట్లోంచి కాస్పర్ కేకేశాడు. వెండెలిన్ టేపు మీద అంకె చూస్తూనే ఉన్నాడు. కళ్ళకి అది అలుక్కుపోయి కనపడుతోంది. ఒటీలియా కాఫీ కప్పు కిటికీ గట్టు మీద పెట్టి, అతని భుజం మీదుగా వంగి, కళ్ళద్దాలు సర్దుకుని అంకె చదివింది.

"యాభై ఏడున్నర!" అని అతని బదులు బయటికి వినపడేలా అరిచింది.